34 ఏళ్లకి గో-కార్టింగ్ మొదలుపెడితే: సొంత కార్ట్ కొనాలా, అద్దె కార్ట్ చాలా?

నాగోల్_నాలుగోగేరు:

అందరికీ నమస్కారం. నాకు 34 ఏళ్లు. ఉండేది నాగోల్‌లో, పని చేసేది ఒక బ్యాంకు బ్రాంచిలో. రేసులంటే చిన్నప్పటి నుంచీ పిచ్చి. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా-ఈ (ఎలక్ట్రిక్ కార్ల రేసు) జరిగినప్పుడు టికెట్ కొనుక్కుని మరీ వెళ్లాను. జీన్ ఎరిక్ వెర్న్ గెలిచినప్పుడు నా పక్కనున్నాయన "మనోడు ఎవరైనా ఉన్నాడా ఇందులో" అని అడిగాడు. లేడని చెబితే లేచి వెళ్లిపోయాడు!

మొన్నామధ్య ఆఫీసువాళ్లమంతా కలిసి, చిన్న బండ్లతో ట్రాక్ మీద రేసు నడిపే గో-కార్టింగ్‌కి వెళ్లాం. మిగతావాళ్లకి అదొక పూట సరదా, ఫొటోలు దిగి బిర్యానీకి వెళ్లిపోయారు. నేను మాత్రం అప్పటి నుంచి వీలు దొరికినప్పుడల్లా ఒక్కడినే వెళ్లి నడుపుతున్నాను. పోటీల్లో దిగాలని కూడా ఉంది. నా సందేహాలు ఇవీ:

ఈ వయసులో మొదలుపెట్టి ఏమైనా ప్రయోజనం ఉంటుందా? నా బరువు 86 కిలోలు, ట్రాక్ మీద కాలేజీ పిల్లలు నన్ను ఊదిపారేస్తున్నారు. ఆన్‌లైన్‌లో ఒక పాత రోటాక్స్ (రేసు ఇంజిన్ల కంపెనీ) కార్ట్ 2 లక్షల 80 వేలకి కనిపించింది, తీసుకోవచ్చా? మా ఆవిడేమో "ఉన్న కారుకే ఈఎంఐ తీరలేదు, తలుపులు కూడా లేని బండికి ఇంకో అప్పా" అంటోంది. హెల్మెట్, సూట్ లాంటివి ఏవి కొనాలి, ఏవి అక్కర్లేదు? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

సర్వేయర్_బాబాయ్:

మీ ఆవిడ మాట వినండి. కనీసం ఈ ఏడాదికి వినండి. ఆ 2 లక్షల 80 వేలు ఎక్కడికీ పోవు, మీరు బ్యాంకులోనే ఉన్నారు కదా.

నా సంగతి చెప్తాను. నేను ఇన్సూరెన్స్‌లో మోటార్ సర్వేయర్ని. రోజంతా గుద్దిన కార్లు చూసి, ఎవడిది తప్పో రాసి, ఆదివారం పొద్దున్నే వెళ్లి కార్ట్ నడుపుతాను. వయసు 46, బరువు మీకన్నా రెండు కిలోలు ఎక్కువే. ఇంతవరకు సొంత కార్ట్ లేదు. అద్దె కార్టులతో జరిగే లీగుల్లోనే ఆడతాను, నాకు అదే బాగుంది.

వయసు గురించి ముందు. ఎఫ్1 దాకా వెళ్లాలంటే హామిల్టన్‌లా ఎనిమిదేళ్లకే మొదలుపెట్టి ఉండాలి, ఆ బస్సు మనిద్దరికీ ఎప్పుడో వెళ్లిపోయింది. హాబీకైతే అడ్డేమీ లేదు. రోటాక్స్‌వాళ్ల డీడీ2 మాస్టర్స్ అనే తరగతిలో దిగాలంటే అసలు వయసు 32కి చేరి ఉండాలి. మన దగ్గర ఆ తరగతి పెద్దగా నడవదు గానీ, మీ వయసువాళ్లకి ప్రపంచంలో రేసులు ఉన్నాయని చెప్పడానికి ఆ మాట.

ఇక నడపడం. మన ట్రాకుల మీద అద్దెకిచ్చే కార్టుల్లో ఎక్కువ వాటికి ఉండేది నాలుగు స్ట్రోకుల ఇంజినే, చాలాచోట్ల హోండాది. స్పీడు చాలావాటిలో గంటకి 50, 60 కిలోమీటర్లకి మించదు. నేలకి నాలుగు వేళ్ల ఎత్తులో కూర్చుంటాం కాబట్టి 100 లాగా అనిపిస్తుంది. ఇది ఆట బొమ్మ, అసలు రేసు కార్ట్ అంటే వేరే అని చాలామంది తీసిపారేస్తారు. నా లెక్కలో కొత్తవాళ్లు నేర్చుకోవాల్సినవన్నీ ఈ బొమ్మ మీదే నేర్చుకోవచ్చు. కారణం ఏమిటంటే, దీనికి పవర్ తక్కువ. మలుపులో ఒకసారి వేగం పోగొట్టుకుంటే మళ్లీ తెచ్చుకోవడానికి తర్వాతి స్ట్రెయిట్ (మలుపు లేని తిన్నటి భాగం) అంతా అయిపోతుంది. పవర్ ఉన్న బండిలో కాలు గట్టిగా నొక్కేసి మన తప్పుని కప్పిపుచ్చుకోవచ్చు. ఇందులో కుదరదు.

కార్ట్ కింద ఏముందో తెలిస్తే నడపడం సగం వచ్చినట్టే. కారుకి వెనక డిఫరెన్షియల్ ఉంటుంది, మలుపులో బయటి చక్రం ఎక్కువ తిరుగుతుంది, లోపలిది తక్కువ తిరుగుతుంది. కార్ట్‌కి అది లేదు. వెనక రెండు చక్రాలూ ఒకే ఇనప యాక్సిల్‌కి బిగించి ఉంటాయి, రెండూ ఒకే వేగంతో తిరగాల్సిందే. అందుకే మలుపులో లోపలి వెనక చక్రం కాస్త గాల్లోకి లేవాలి. లేవకపోతే రెండు చక్రాలూ ఒకదాన్నొకటి పట్టి లాగుతాయి, బండి తిరగనని మొండికేస్తుంది. ఆ చక్రాన్ని లేపేది మీ స్టీరింగే. ముందు చక్రాల అమరిక ఎలా ఉంటుందంటే, స్టీరింగ్ తిప్పగానే లోపలివైపు ముందు చక్రం కిందికి నొక్కుకుంటుంది, దాంతో అదే వైపు వెనక చక్రం తేలుతుంది. సస్పెన్షన్ లేదు కాబట్టి ఫ్రేమే వంగుతూ ఆ పని చేస్తుంది.

దీన్నుంచి మీకు పనికొచ్చేవి రెండు. ఒకటి, బైకు నడిపే మనవాళ్లందరికీ మలుపు రాగానే లోపలికి ఒరగడం అలవాటు. కార్ట్‌లో అలా ఒరిగితే లేవాల్సిన చక్రం మీదే మన బరువు వేసి కూర్చున్నట్టు. నిటారుగా కూర్చోండి, ఇంకా వీలైతే బయటివైపు కాస్త ఒత్తండి. రెండోది, మలుపు మధ్య దాటగానే స్టీరింగ్ వెనక్కి తిప్పేయండి. చాలామంది భయంతో పట్టుకునే ఉంటారు. అప్పుడు ఇంజిన్ శబ్దం వినండి, గొంతు పట్టేసినట్టు మూలుగుతుంది. స్టీరింగ్ తిన్నగా చేసిన క్షణంలో ఆ గొంతు తెరుచుకుంటుంది. నేను స్పీడోమీటర్ లేని బండిలో వేగాన్ని ఆ శబ్దంతోనే కొలుస్తాను.

బ్రేక్ ఎడమకాలు, యాక్సిలరేటర్ కుడికాలు. రెండూ ఒకేసారి నొక్కకండి, సెంట్రిఫ్యూగల్ క్లచ్ కాలి కమురువాసన వస్తుంది, ట్రాక్ చూసుకునే మార్షల్ మిమ్మల్ని పక్కకి పిలుస్తాడు. అద్దె కార్టుల్లో బ్రేక్ వెనక యాక్సిల్‌కే ఉంటుంది. అంటే స్టీరింగ్ తిప్పి ఉండగా గట్టిగా నొక్కితే వెనకభాగం ముందుకొచ్చేస్తుంది. బండి తిన్నగా పోతున్నప్పుడే గట్టిగా నొక్కి, మలుపులోకి దిగేటప్పటికి కాలు తీసేస్తూ ఉండాలి. మొదటి ల్యాపులో (ట్రాక్ చుట్టూ మొదటి చుట్టులో) టైర్లు చల్లగా ఉంటాయి, అప్పుడు ఈ విద్యలేవీ చూపించకండి.

బరువు గురించి దిగులు పడకండి. అవును, 60 కిలోల కుర్రాడు స్ట్రెయిట్‌లో మనల్ని దాటుతాడు. అద్దె కార్టులో అది ప్రతి ల్యాపుకీ కనిపించే తేడాయే. అందుకే పద్ధతిగా జరిపే లీగుల్లో తేలికవాళ్ల సీటు కింద సీసపు దిమ్మెలు పెట్టి సమానం చేస్తారు. ఏ లీగులో చేరినా ముందు ఆ ప్రశ్న అడగండి. దిమ్మెలు లేవంటే అది పోటీ కాదు, పిక్నిక్.

కొనాల్సినవి: హెల్మెట్ మీది మీకు ఉండాలి. ట్రాక్‌వాళ్లిచ్చేది వంద తలలు మారి వచ్చింది, పైగా వదులు. తల మొత్తం కప్పేది, గట్టిగా పట్టేది తీసుకోండి. అద్దె కార్టింగ్‌కి మంచి రకం బైకు హెల్మెట్ చాలు. రేసుల్లో దిగే రోజు వస్తే అప్పుడు నిర్వాహకులు ఏ స్టాండర్డ్ అడుగుతారో చూసుకుని కొనాలి, కార్టింగ్‌కి స్నెల్ కె అని ప్రత్యేకంగా ఒకటి ఉంది. లోపల వేసుకునే బలాక్లావా (తల, మెడ కప్పే గుడ్డ తొడుగు) రెండు కొనండి, ఒకటి చెమటకి తడిసిపోతుంది. గ్లవ్స్ కావాలి. బూట్లు పల్చటి అడుగువి ఉండాలి, దళసరి స్పోర్ట్స్ షూ వేసుకుంటే పెడల్ ఎంత నొక్కారో కాలికి తెలియదు.

అన్నిటికన్నా ముందు రిబ్ ప్రొటెక్టర్ కొనండి. ఇది ఎవరూ చెప్పరు. సీటు ఫైబర్‌ది, అంచు సరిగ్గా పక్కటెముకల దగ్గర ఉంటుంది. ప్రతి మలుపులో ఒళ్లు దానికేసి నొక్కుకుంటుంది. మర్నాడు తుమ్మితే తెలుస్తుంది. సూట్ ఇప్పుడు అక్కర్లేదు, జీన్స్, ఫుల్ చేతుల కాటన్ చొక్కా చాలు.

ఇక మీరు నడుపుతున్న ట్రాక్‌లో టైమింగ్ షీట్ ఇస్తారా? ఇస్తే పారేయకండి. ఈసారి వెళ్లినప్పుడు తెచ్చి ఇక్కడ పెట్టండి, చూద్దాం.

కుక్కట్‌పల్లి_కీబోర్డ్:

ఈ ఖర్చంతా ఎందుకు బ్రో, 30 వేలు పెట్టి కంప్యూటర్ రేసు గేముకి స్టీరింగ్ వీల్ సెట్ కొనుక్కుంటే ఇంట్లోనే మొనాకో, సిల్వర్‌స్టోన్ అన్నీ నడపొచ్చు. చెమట లేదు, పక్కటెముకల నొప్పి లేదు, ఎండ లేదు.

సర్వేయర్_బాబాయ్:

@కుక్కట్‌పల్లి_కీబోర్డ్ మా అబ్బాయి దగ్గర ఉంది ఆ సెట్. లైన్ (మలుపుల్లో బండి పోవాల్సిన దారి) నేర్చుకోవడానికి మంచిదే, కాదనను. వెనక జారేది మాత్రం నడుముకి తెలియాలి, స్క్రీన్ మీద అది కళ్లకి తెలిసేసరికి బండి తిరిగిపోయి ఉంటుంది.

నెల్లూరు_టూస్ట్రోక్:

నేను బెంగళూరులో ఉంటాను, సొంత కార్ట్ ఉంది, 125 సీసీ రోటాక్స్ సీనియర్ మ్యాక్స్. బాబాయ్ గారు చెప్పినదానికి ఒప్పుకుంటూనే, కొన్నవాడిగా కొన్ని సంగతులు.

రెండు స్ట్రోకుల రోటాక్స్‌కి, అద్దె కార్ట్‌కి పోలికే లేదు. సీనియర్ ఇంజిన్ 30 హార్స్‌పవర్‌కి దగ్గర, మనిషితో కలిపి బరువు 160 కిలోల పైచిలుకు. పెద్ద ట్రాక్ మీద 110 దాటుతుంది. టైర్లు మెత్తగా ఉండి నేలని జిగురులా పట్టుకుంటాయి, పది ల్యాపులకి ముంజేతులు బిగుసుకుపోయి వేళ్లు విప్పడం కష్టమవుతుంది. సీటు బెల్టు ఉండదు. అద్దె కార్టుల్లో బెల్టు ఉన్నచోట తప్పకుండా పెట్టుకోవాలి. రేసు కార్ట్‌లో మాత్రం అసలు ఉండదు, బోల్తా పడితే మనిషి బయటికి పడిపోవాలనే లెక్క.

కొన్న ధర అసలు లెక్కే కాదు. కొత్త టైర్ల సెట్ వేలల్లో ఉంటుంది, పోటీ వారాంతానికి ఒక సెట్ పోతుంది. ఇంజిన్‌ని ఇన్ని గంటలకి విప్పాలని లెక్క ఉంటుంది, ఆ గంటలు రాసుకుంటూ పోవాలి. చైను, స్పార్క్ ప్లగ్, కార్బ్యురేటర్ జెట్టింగ్ (పెట్రోలు పాళ్లు సరిచేయడం)... పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగా లాగిన ఇంజిన్ మధ్యాహ్నం ఎండకి మొరాయిస్తుంది, జెట్ మార్చాలి. ఇవన్నీ చూసే మెకానిక్ ఒకడు కావాలి. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో స్టార్ట్ చేశారంటే ఆ రాత్రికే అసోసియేషన్ గ్రూపులో మీ పేరు. నేను ట్రాక్ దగ్గరే నెలవారీ అద్దెకి ఉంచుతాను, మెకానిక్ ఖర్చు కూడా అందులోనే.

మీరు చూసిన ఆ పాత కార్ట్ సంగతి: చూడటానికైనా వెళ్తే, ముందు దాన్ని పక్కకి ఎత్తించి ఫ్రేమ్ గొట్టాల అడుగున చెయ్యి పెట్టి తడమండి. గుండ్రంగా ఉండాల్సిన గొట్టం కెర్బుల (ట్రాక్ అంచు దిమ్మెల) మీద గీసుకుని బల్లపరుపుగా అరిగిపోయి ఉంటే ఆ ఫ్రేమ్ పని అయిపోయినట్టే. వెల్డింగ్‌ల దగ్గర పెయింట్ కొత్తగా ఉంటే పగులుకి అతుకు వేశారని అర్థం. రోటాక్స్ ఇంజిన్లకి సీల్ ఉంటుంది, దానికో గుర్తింపు పుస్తకం ఉంటుంది. సీల్ నంబరు, పుస్తకంలో నంబరు ఒకటేనా చూడండి. పుస్తకం పోయింది అంటే వెనక్కి వచ్చేయండి, ఎంత తగ్గించినా సరే.

పోటీలంటే ఎఫ్‌ఎంఎస్‌సీఐ లైసెన్స్ (దేశంలో మోటార్ రేసులు చూసే సంఘం ఇచ్చేది) తీసుకోవాలి, మెడికల్ సర్టిఫికెట్ అడుగుతారు. జాతీయ స్థాయి అంటే బెంగళూరు, కోయంబత్తూరు, చెన్నై అంటూ తిరగాలి. మీ బ్యాంకు సెలవులు చూసుకోండి. దానికన్నా ముందు ఒక సెలవు పెట్టి ఇక్కడ మెకో కార్టోపియాకో, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న కార్టింగ్ అరీనాకో వచ్చి నడిపి చూడండి. ట్రాక్ మారితే మీకు ఎంత వచ్చో తెలుస్తుంది.

దుబాయ్_గోదారమ్మాయి:

మాది రాజమండ్రి, ఉద్యోగం దుబాయ్‌లో. ఇక్కడి కార్ట్‌డ్రోమ్‌లో నడుపుతాను. బయటి ట్రాక్ 1.2 కిలోమీటర్లు, 17 మలుపులు, నేను నడిపేవన్నీ అద్దె కార్టులే. ఇక్కడ అద్దె కార్టులతోనే 24 గంటల రేసు జరుగుతుంది, ఒక టీమ్‌లో డ్రైవర్లు మారుతూ నడపాలి. కాబట్టి అద్దె కార్ట్ అంటే తక్కువ అనుకోకండి నాగోల్ గారూ. నా బరువు 52 కిలోలు, సీటు పక్కన దిమ్మెలు పెట్టుకునే కూర్చుంటాను. కట్టినప్పుడల్లా ఏడుపొస్తుంది గానీ న్యాయం న్యాయమే.

మీరు ఇంట్లోవాళ్లని కూడా తీసుకెళ్తారేమో, అందుకని ఒక మాట. 2020లో హైదరాబాద్ శివార్లలో ఒక చోట జుట్టు చక్రంలో చుట్టుకుని ఒక విద్యార్థిని చనిపోయింది, పేపర్లన్నిట్లో వచ్చింది. జడ వేసుకుంటే సరిపోదు. జుట్టంతా మడిచి బలాక్లావా లోపల పెట్టి, దాని మీద హెల్మెట్ పెట్టి, కాలర్ లోపలికి తోసేయాలి. చున్నీ, స్కార్ఫ్, వదులు కుర్తా ఏవీ వద్దు. వెనక యాక్సిల్ మీ వీపు వెనకే, జానెడు దూరంలో తిరుగుతుంటుంది. కొన్నిచోట్ల చూస్తున్నాను, హెల్మెట్ పట్టీ కూడా పెట్టుకోకుండానే పిల్లల్ని పంపించేస్తారు. ఎక్కేముందు జుట్టు, పట్టీ, బెల్టు చూడని ట్రాక్ ఎంత దగ్గరైనా, ఎంత చవకైనా వద్దు.

నాగోల్_నాలుగోగేరు:

అందరికీ థ్యాంక్స్. కార్ట్ కొనే ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టాను (మా ఆవిడ ఈ పేజీ చదివి బాబాయ్ గారికి దండం పెట్టమంది). రిబ్ ప్రొటెక్టర్ ఆర్డర్ చేశాను.

బాబాయ్ గారూ, నిన్న వెళ్లొచ్చాను, షీట్ ఇదిగో, వరసగా 10 ల్యాపులు: 58.9, 54.1, 53.2, 55.8, 52.6, 56.4, 53.0, 52.4, 57.1, 53.9. ఆ 52.4 నాకు ఇప్పటిదాకా బెస్ట్. ఆ రోజు అక్కడున్న మంచి డ్రైవర్లు 50 లోపు కొడుతున్నారు. ఈ రెండున్నర సెకన్లు ఎక్కడ దొరుకుతాయి?

సర్వేయర్_బాబాయ్:

52.4 సంగతి మర్చిపోండి. మొదటి ల్యాప్ చల్లటి టైర్లది, అదీ తీసేయండి. మిగిలిన 9 చూడండి.

53.2 కొట్టారు, వెంటనే 55.8. 52.6 కొట్టారు, వెంటనే 56.4. 52.4 కొట్టారు, వెంటనే 57.1. ఈ మూడుసార్లూ మంచి ల్యాప్ వెంటనే ఒకటి తగలబడింది. నేను సైట్‌లో లేకపోయినా రిపోర్ట్ రాసేయగలను: బాగా వచ్చిందని తెలియగానే తర్వాతి ల్యాపులో బ్రేక్ ఇంకాస్త ఆలస్యంగా నొక్కుతున్నారు, మలుపులోకి ఎక్కువ వేగంతో దిగుతున్నారు, వెనక జారుతోంది, సరిచేసుకునేసరికి మూడు, నాలుగు సెకన్లు పోతున్నాయి. 57.1 అయితే బండి పూర్తిగా తిరిగి ఆగి ఉండాలి, లేదా ముందున్న వాడు అడ్డమొచ్చి ఉండాలి.

ఈ 9 ల్యాపులూ కూడితే 488.5 సెకన్లు. మీరు 52.4 జోలికే పోకుండా ప్రతి ల్యాపూ నిమ్మళంగా 53.5 కొట్టారనుకోండి, 481.5 అవుతుంది. ఏ కొత్త విద్యా నేర్చుకోకుండా 7 సెకన్లు మిగిలాయి. రేసులో 7 సెకన్లంటే, గంటకి 50 వేగంలో, దాదాపు వంద మీటర్ల దూరం.

కాబట్టి ఈసారి వెళ్లినప్పుడు ఒకటే పని. ఒక మలుపు ఎంచుకోండి, అన్నిటికన్నా పొడుగు స్ట్రెయిట్‌కి ముందున్నది అయితే మేలు. ట్రాక్ పక్కన ఏదో ఒక గుర్తు పెట్టుకోండి, టైరు దొంతరో, రంగు మారిన కెర్బో. సెషన్ మొత్తం ఆ గుర్తు దగ్గరే బ్రేక్. ముందూ వద్దు, వెనకా వద్దు. మిగతా మలుపుల్లో మీ ఇష్టం. ఆ ఒక్క మలుపులో బయటికొచ్చేటప్పుడు ఇంజిన్ గొంతు ప్రతిసారీ ఒకేలా వినిపిస్తోందా చూసుకోండి. వినిపిస్తుంటే తర్వాతి సెషన్‌లో గుర్తుని అర మీటరు మలుపు వైపుకి జరపండి. 50 లోపు కొట్టేవాళ్లు దాచుకున్న రహస్యమేమీ లేదు, వాళ్ల షీట్ అడిగి చూడండి, మొదటిది పోను మిగతా ల్యాపులన్నీ సెకనులో మూడు పదోవంతుల తేడాలో ఉంటాయి.

ఇంకొకటి, షీట్ మీద కార్ట్ నంబరు రాయలేదు మీరు. అద్దె కార్టులన్నీ ఒకలా ఉండవు. కొన్నిట్లో బ్రేక్ మెత్తగా ఉంటుంది, కొన్నిట్లో ఒక టైరు అరిగి ఉంటుంది, సెకను తేడా దానివల్లే రావచ్చు. నంబరు రాసుకుంటూ ఉంటే నెల తిరిగేసరికి ఏది మంచిదో మీకే తెలుస్తుంది, పొద్దున్నే వెళ్లి అది అడగండి. సరే, నిన్నటిది ఎన్నో నంబరు?